పిలిస్తే గదా తెలిసేది

షాహీనాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. తన కూతురికి ఆపద వస్తే ఆ పిల్ల అరవదు.

పాము భయం, కరెంటు భయం, లారీల భయం ఏ తల్లికైనా ఉండేవే. షాహీనాకూ ఉన్నాయి, కాస్త ఎక్కువే ఉన్నాయి. గ్యాసు కట్టేసి వీధి చివరిదాకా పోయి, మళ్ళీ వెనక్కి వచ్చి చూసుకునే మనిషి ఆమె. గడియ వేసి లాగి చూస్తుంది, పడుకున్నాక లేచి ఇంకోసారి లాగి చూస్తుంది. అయితే వాటికి గడియలున్నాయి, మందులున్నాయి, దువాలున్నాయి. ఈ భయానికి ఏ గడియా లేదు. పైగా ఇది ఊహించుకున్నది కాదు, కళ్ళతో చూసింది.

శిరీన్‌కు అప్పుడు ఆరేళ్ళు. కోడుమూరులో వాళ్ళది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో షాహీనా అత్త జులేఖా బీ మధ్యాహ్నం నమాజుకు నిలబడింది. "జేజి నమాజులో ఉండాది, చప్పుడు చేయాకు" అని పిల్లకు చెప్పి షాహీనా వెనక బట్టలు పిండుకుంటోంది. ఎండాకాలపు సుడిగాలి ఒకటి వచ్చి పాతకాలం నాటి బరువు తలుపును నెట్టేసింది. బకెట్ పట్టుకుని లోపలికి వచ్చిన షాహీనా చూసిందేమిటంటే, తలుపు సందులో ఎడమచేతి చూపుడువేలు ఇరుక్కుని శిరీన్ నిలబడి ఉంది. కళ్ళలోంచి నీళ్ళు కారి, గడ్డం మీదుగా జారి గౌను తడుస్తోంది. నోరు మాత్రం బిగించి మూసుకుంది. చూపు జేజి వీపు మీదే. జేజి తల కుడివైపు తిప్పి, ఎడమవైపు తిప్పి, సలాము చెప్పి లేస్తే అప్పుడు చెబుదామని కాచుకుని ఉంది.

ఆ వేలి గోరు ఇప్పటికీ వంకరే.

ఇప్పుడు శిరీన్‌కు పదేళ్ళు. ఐదో తరగతికి గురుకులంలో సీటు వచ్చింది. వచ్చింది కదా అని సంతోషపడేలోపు ఊరి పేరు వినపడింది. రాజంపేట దగ్గరట. కోడుమూరు ఎక్కడ, రాజంపేట ఎక్కడ. కర్నూలు దాటి, నంద్యాల దాటి, కడప కూడా దాటి పోవాలి. జూన్‌లో బడి తెరుస్తారు. అంత దూరంలో, ముక్కూ మొహం తెలియని పిల్లల మధ్య, కడుపులో నొప్పి వస్తే ఎవరితో చెబుతుంది? ఎవరైనా చెయ్యి పట్టుకుని లాగితే ఏం చేస్తుంది? ఎవరిదో నమాజు ముగిసేదాకా అట్లాగే నిలబడి ఉంటుందా?

పంపకుండా ఉండలేదు. తన చదువు తొమ్మిదో తరగతిలో ఆగిపోయింది, కూతురిది ఆగకూడదు. పంపి నిమ్మళంగా ఉండనూలేదు. ఈ రెండింటి మధ్య కుట్టుమిషను మీద ఆమె కాలు ఆడుతూనే ఉండేది, గుడ్డ మాత్రం ముందుకు కదిలేది కాదు.

అట్లాంటి ఒక పొద్దున ఆటోకు మైకు కట్టుకుని ఎవరో వీధిలో తిరిగారు. కోడుమూరులో కొత్తగా కరాటే బడి పెడుతున్నారట. ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పుతారట. మొదటి వారం ఊరికే వచ్చి చూసి పోవచ్చు, నచ్చితేనే చేరవచ్చు. షాహీనా దారం చేతిలో పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది.

"ఏంది మే, ఐసుబండి వచ్చినట్ల పరిగెత్తుతాండావు?" అంది జులేఖా బీ.

"శిరీన్‌ను ఒకసారి తీస్కపోయి చూపిస్తా అత్తా. ఊరికేనంట."

"కాళ్ళు చేతులు ఎగరేసేది ఆడపిల్లకు ఎందుకు? మీ నాయన అంత పెద్ద ఉస్తాదు గదా. నీకేమన్నా నేర్పినాడా?"

నేర్పలేదు. షాహీనా తండ్రి పీర్ బాషా కర్రసాములో పేరు మోసిన మనిషి. పీర్ల పండుగ దగ్గరపడిందంటే ఊళ్ళో మగపిల్లలంతా ఆయన కర్ర తిప్పడం నేర్పే తాలీంఖానాలోనే ఉండేవాళ్ళు. ఆడపిల్లలు గడప బయటే. షాహీనా కిటికీ చువ్వలు పట్టుకుని చూసేది. ఆయన దగ్గర ఒకటే కట్టడి, కర్ర పట్టినవాడు నోరు తెరవకూడదు. దెబ్బ తగిలినా సరే, కొట్టినా సరే. "కర్ర మాట్లాడాల, మనిషి కాదు" అనేవాడు. ఆ మాట తాలీంఖానాలో ఉండిపోలేదు, ఇంట్లోకీ వచ్చింది.

సాయంత్రం ఉల్లిగడ్డల లోడు కర్నూలులో దించి వచ్చిన భర్త హబీబ్‌ను అడిగింది. హబీబ్ మంచివాడు. ఎంత మంచివాడంటే ఎవరు ఏం చెప్పినా సరే అంటాడు. అందుకే ఆయన సరే అంటే ఆమెకు నమ్మకం కుదరదు.

"ఊరికేనంటే పోయి రాండి" అన్నాడు.

"అత్త వద్దంటాది."

"సరే, అయితే వద్దులే."

"వద్దంటే దానికి నోరెట్ల వస్తాది?"

"సరే, పోయి రాండి."

కరాటే బడి అంటే అద్దాలు, చాపలు, పెద్ద బోర్డు ఉంటాయనుకుంది షాహీనా. తీరా పోతే అది కర్నూలు రోడ్డు మీద ఖాళీ చేసిన ఉల్లిగడ్డల గోడౌను. ఊడ్చారు, కడిగారు, గోడలకు సున్నం కూడా కొట్టారు. ఘాటు మాత్రం పోలేదు. లోపలికి పోయిన పిల్లలంతా ముందు కళ్ళు తుడుచుకుంటున్నారు. ద్వారం దగ్గర స్టూలు వేసుకుని ఒక పెద్దామె శెనక్కాయలు ఒలుస్తోంది.

"అట్ల నిలబడినావేంమ్మా, రా. ఈడికొచ్చినోళ్ళంతా ఏడ్సుకుంటానే లోపలికి పోతారు. దెబ్బలు తినకముందే ఏడిపిచ్చే బడి మాదొకటే."

"మీరెవరు పెద్దమ్మా?"

"విశ్వాసమ్మ అంటారు. మాస్టరు లేవి నా కొడుకే. ఆడపిల్లలొస్తే వాళ్ళమ్మలకు గుబులుంటాదని నన్ను కాపలా కూర్చోబెట్టినాడు. వాడు యాడ చెయ్యి పెడతాండాడో నేను చూస్తాంటా. నేను యాడ పెడతాండానో వాడు చూస్తాంటాడు, శెనక్కాయలు వానివి గదా."

ఆ స్టూలును చూశాక షాహీనాకు కొంచెం ఊపిరాడింది. ఆ ఊపిరి కాసేపే. లోపల పిల్లలంతా వరసగా నిలబడి మాస్టరుకు నడుము వంచి దండం పెట్టబోతున్నారు. షాహీనా చెప్పులు విప్పి గబగబా లోపలికి పోయింది.

"సార్, మేము వంగం సార్. అల్లాకు తప్ప."

లేవికి పాతికేళ్ళుంటాయి. తెల్లబట్టలు, నల్లబెల్టు. అతను తల గోక్కుని ద్వారం వైపు చూశాడు.

"వంగొద్దులే అక్కా. మొదటి రోజు మాయమ్మా ఇదే తగాదా పెట్టుకున్యాది, యేసయ్యకు తప్ప ఎవురికీ వంగనని. గుండె మీద చెయ్యి పెట్టుకుంటే చాలు."

"నాకు నడుం పట్టేసిందిరా. ఆ నెపం దేవుని మీద పెట్టినా" అని బయటినుంచి విశ్వాసమ్మ అంది.

పిల్లలందరూ గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు. శిరీన్ మాత్రం వంగి కుడిచేత్తో నేలను తాకి, ఆ చేతిని కళ్ళకు అద్దుకుంది. అది తాలీంఖానాలో కర్ర పట్టే ముందు పెట్టే సలామీ. తాత చేస్తుంటే పీర్ల పండుగలో ఎప్పుడు చూసిందో, ఎప్పుడు మనసులో పెట్టుకుందో.

"ఇది యాడ నేర్చినావు పాపా?" అని లేవి అడిగాడు. శిరీన్ అమ్మ వైపు చూసింది.

కాళ్ళు కదపమన్నాడు, కదిపింది. పిడికిలి బిగించమన్నాడు, బిగించింది. పక్కనున్న మగపిల్లలు తూలుతుంటే ఈ పిల్ల పాతిన గుంజలా నిలబడింది. షాహీనా పైట అంచును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ చూస్తోంది. అప్పుడు లేవి, గుద్దుతో పాటు కేక పెట్టాలన్నాడు. "గొంతులో నుంచి కాదు, బొడ్డు కింద నుంచి రావాల. కియాయ్." పిల్లలందరూ ఒక్కసారిగా అరిచారు. పైన రేకులు గణగణమన్నాయి. శిరీన్ నోరు తెరిచింది. మెడ నరాలు ఉబ్బాయి. చప్పుడు మాత్రం రాలేదు.

రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే.

"కాళ్ళు బాగుండాయి అక్కా, చేతులు బాగుండాయి. నోరే రావాల" అన్నాడు లేవి. "కొట్టేది తర్వాత. చిన్నపిల్ల ఎంతని కొడ్తాది? కేకేస్తే నలుగురు తిరిగి చూస్తారు, అదే మొదటి దెబ్బ. అది లేకుంటే ఇదంతా డ్యాన్సు."

ఆ రోజు పాఠం మణికట్టు విడిపించుకోవడం. ఎంత పహిల్వాను పట్టుకున్నా పట్టులో బొటనవేలి పక్కనే సందు ఉంటుంది, చెయ్యి అటు తిప్పి లాక్కోవాలి, లాక్కుంటూ వదులు అని అరవాలి. తల్లులను లోపలికి పిలిచి పిల్లల చేతులు పట్టుకోమన్నాడు. షాహీనా శిరీన్ మణికట్టు పట్టుకుంది. శిరీన్ ఆ చేతిని చూసుకుంటూ కదలకుండా నిలబడింది, చెయ్యి పట్టుకుని సంతకు తీసుకుపోతారేమో అన్నట్టు.

విశ్వాసమ్మ స్టూలు మీది నుంచే అంది: "నువ్వు పట్టుకుంటే అదేం అరుస్తాది మే? ఇన్నేండ్లూ అరవొద్దని చెప్పినదానివి నువ్వే అయితివి. ముందు నువ్వు ఒకసారి కేకెయ్. అది చూసి నేర్చుకుంటాది."

అందరూ నవ్వారు. షాహీనా కూడా నవ్వబోయింది. కూతురి చెయ్యి వదిలేసి, గుక్క తిప్పుకోవాలన్నట్టు బయటికి వచ్చి రోడ్డు పక్కన నిలబడింది.

ఆమె అరవని మనిషి కాదు. ఒకసారి అరిచింది. తొమ్మిదో తరగతిలో ఉండగా, బడి నుంచి ఇంటికి పోయే బస్సులో, వెనక నిలబడిన మనిషి చెయ్యి పడకూడని చోట పడితే బస్సంతా వినపడేట్టు అరిచింది. బస్సు ఆగింది. ఆ మనిషి దిగి కంపచెట్లలోకి పారిపోయాడు. వాడెవడని ఎవరూ అడగలేదు. అందరూ అడిగింది ఒకటే: "ఎవరి పిల్ల ఇది?" ఉస్తాద్ పీర్ బాషా కూతురని ఎవరో చెప్పారు. ఆమె కంటే ముందు ఆ కబురు ఇల్లు చేరింది. తండ్రి తిట్టలేదు, కొట్టలేదు, అసలు నోరే తెరవలేదు. మరునాడు పొద్దున చూస్తే ఆమె బడి సంచి పైన కొక్కేనికి వేలాడుతోంది. అరిచింది ఒక్కసారి, చదువు అంతటితో సరి.

ఇప్పుడు అదే అరుపు కూతురికి నేర్పించాలని గోడౌను చుట్టూ తిరుగుతోంది. నేర్చుకోకపోతే ఏమవుతుందో అని ఒక భయం. నేర్చుకుంటే ఏమవుతుందో అని ఇంకొకటి.

ఆ సాయంత్రం రబ్బానీ ఇంటికి వచ్చాడు. జులేఖా బీ తమ్ముడు, బజారులో బట్టల షాపు ఆయనది. షాహీనా కుట్టే జాకెట్లన్నీ ఆ షాపువే. నవ్వుతూ నవ్విస్తూ ఉంటాడని అందరికీ ఇష్టం. పిల్లలు కనపడితే చెయ్యి పట్టుకుంటాడు. పట్టుకుంటే వదలడు.

"ఏమే కరాటే, ఇట్ల రా" అని శిరీన్ మణికట్టు పట్టుకున్నాడు. "విడిపించుకో చూద్దాం."

శిరీన్ నిలబడింది. ఆయన టీ తాగాడు. అక్కతో బేరాల గురించి, పెళ్ళిళ్ళ గురించి మాట్లాడాడు. కప్పు ఖాళీ అయ్యేదాకా ఆ మణికట్టు ఆయన పిడికిట్లోనే ఉంది. శిరీన్ నేల వైపు చూస్తోంది. షాహీనా వంటింటి గుమ్మంలో నిలబడి, కూతురి వేళ్ళ కొనలు ఎర్రబడటం చూస్తూ, మామా వదలండి అనే మాటను నోట్లో అటూ ఇటూ తిప్పుకుంటూ ఉండిపోయింది. మాట బయటికి రాకముందే ఆయన నవ్వుతూ వదిలేసి పోయాడు.

ఆ పిల్లకు నోరెట్లా వస్తుంది? చూసి నేర్చుకోవడానికి ఇంట్లో ఎవరి నోరుంది?

మరుసటి రోజు తెల్లారగానే షాహీనా కూతురిని హంద్రీ ఏట్లోకి తీసుకుపోయింది. మే నెల, చుక్క నీళ్ళు లేవు. ఇసుక, కంపచెట్లు, అంతే. ఇంటి దగ్గర అరిస్తే పక్కింటి వాళ్ళు పరిగెత్తుకు వస్తారు. ఇక్కడ ఎవరూ లేరు.

"ఇప్పుడు కేకెయ్. ఎవురూ వినరు" అంది.

శిరీన్ ఇసుక వైపు చూసింది. "ఎవురూ వినకుంటే ఎందుకమ్మా కేకెయ్యాల?"

"సార్ చెప్పినాడు గదా. కానీ."

"నువ్వు ముందు."

షాహీనా అటూ ఇటూ చూసింది. పైట సరిచేసుకుంది. నోరు తెరిస్తే దగ్గు వచ్చింది. మళ్ళీ తెరిస్తే, కోడిని అదిలించినట్టు ఒక చిన్న చప్పుడు. శిరీన్ పెదవులు కొరుక్కుంటోంది, నవ్వు ఆపుకోవడానికి. షాహీనాకు కోపం వచ్చింది. ఆ కోపం కూతురి మీద కాదు, రబ్బానీ మామ మీద కాదు, వాళ్ళను దాటి ఎక్కడికో, ఎన్నడో ఆగిన ఒక బస్సు దాకా పోయింది. కళ్ళు మూసుకుంది. "వదులూ" అని అరిచింది.

ఎంతసేపు అరిచిందో తెలియదు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా గట్టు మీద గొర్రెలు చెదిరిపోయి ఉన్నాయి. వాటి కాపరి గోపన్న గొంగడి జారిపోతున్నా పట్టించుకోకుండా కర్ర పట్టుకుని దిగి వస్తున్నాడు.

"ఏంమ్మా, పామా?"

"కాదన్నా. ఊరికే."

"ఊరికేనా?" గోపన్న గొర్రెల వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశాడు. "ఊరికే అయితే రేపు చెప్పి కేకెయ్ తల్లీ. అవి పక్కూరి గట్టు దాటినాయంటే నాకు పొద్దుగూకుతాది."

శిరీన్ నవ్వింది. కడుపు పట్టుకుని, ఇసుకలో కూలబడి, గట్టిగా నవ్వింది. ఆ పిల్లకు అంత గొంతు ఉందని షాహీనాకు అప్పుడే తెలిసింది. అయినా కేక మాత్రం పెట్టలేదు. తిరిగి వచ్చే దారిలో అమ్మ చెయ్యి పట్టుకుని, "నీ కేక విని ఆయన కర్ర తెచ్చుకొని వచ్చినాడు గదమ్మా, మనకు సాయం చేద్దామని" అంది. అంతే.

వారం ముగిసే రోజు కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి షాహీనా కూతురితో బజారుకు పోయింది. పెళ్ళిళ్ళ కాలం కదా, రబ్బానీ షాపు ఆడవాళ్ళతో కిటకిటలాడుతోంది. రబ్బానీ గల్లా దగ్గర నుంచి లేచి వచ్చాడు.

"రాండి రాండి, మా కరాటే వచ్చింది" అని అందరికీ వినపడేట్టు అని, శిరీన్ మణికట్టు పట్టుకున్నాడు. "ఈరోజు ఏం నేర్పినాడు మీ సారు? విడిపించుకో చూద్దాం."

చీరలు చూస్తున్న ఆడవాళ్ళు నవ్వారు. శిరీన్ తలెత్తి అమ్మ వైపు చూసింది. షాహీనా తల ఊపిందో లేదో ఆమెకే తెలియదు. ఊపిందని తర్వాత శిరీన్ చెప్పింది.

శిరీన్ కుడికాలు వెనక్కి పెట్టింది. అది లేవి నేర్పిన అడుగు కాదు, తాలీంఖానా అడుగు. "వదులు తాతా" అంది, మామూలు గొంతుతో. రబ్బానీ ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "అట్లంటే వదుల్తారా ఎవురన్నా?"

"వదులూ."

రేకుల కప్పు మీద బండరాయి పడితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది ఆ కేక. చీర మడత పెడుతున్న పనివాడి చేతులు గాలిలో ఆగాయి. బయట చెరుకురసం బండివాడు మిషను ఆపి తొంగి చూశాడు. రబ్బానీ నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, పట్టు మాత్రం సడలింది. శిరీన్ బొటనవేలి పక్కకు చెయ్యి తిప్పి లాక్కుంది.

బయటినుంచి ఎవరో అడిగారు.

"ఎవరి పిల్ల అది?"

షాహీనా చెయ్యి దానంతట అదే లేచింది, కూతురి నోరు మూయడానికి. ఆ చెయ్యి శిరీన్ గడ్డం దాకా పోయింది. అక్కడ ఆగింది. కిందికి దిగి భుజం మీద పడింది.

"నా పిల్ల" అంది. అది ఎవరికీ వినపడలేదు. ఇంకోసారి అంది. "నా పిల్లే. ఏం కావాల?"

రబ్బానీ ముఖం ఎర్రబడింది. "ఆటకు పట్టుకుంటే ఇంత రచ్చనా మే? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆటయితే దానికీ ఆట కావాల గదా మామా. అది వదలమనింది."

జాకెట్ల సంచి బల్ల మీద పెట్టి, కూతురి భుజం మీద నుంచి చెయ్యి తీయకుండా నడిచి బయటికి వచ్చింది.

"అమ్మా, గొంతు మండుతాంది."

"ఇంటికి పోయి నీళ్ళు తాగుదువు."

"తప్పు చేసినానా?"

"లేదు."

"మళ్ళా ఎందుకు ఇంత తొందరగా నడుస్తాండావు?"

"నడువు."

ఇల్లు చేరేసరికి కబురు ముందే చేరి ఉంది. ఆ విషయంలో కాలం ఏమీ మారలేదు, ఫోన్లు వచ్చి ఇంకా తొందరైంది. జులేఖా బీ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"నోరా, వీపుకు తేకే అని పెద్దోళ్ళు ఊరికే అన్యారా? నా తమ్ముని షాపులో, నలుగురు ఆడోళ్ళ ముందర. పదేండ్ల పిల్లకు ఇంత నోరొస్తే రేపు దీన్ని రాజంపేటలో ఎవురు పట్టేది? కరాటే వద్దు, గురుకులమూ వద్దు. ఇంటి పట్టున ఉండనీ."

అని, గురుకులానికని కొనిపెట్టిన కొత్త సంచి తీసి పైన కొక్కేనికి తగిలించింది.

షాహీనా ఆ సంచి వైపు చూసింది. కొక్కెం వేరు, సంచి వేరు, ఇల్లు వేరు. అయినా చూపు మసకబారింది. బల్ల లాక్కుని, ఎక్కి, సంచిని కిందికి దించింది. దించి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అత్తకు ఎదురు చెప్పలేదు, సంచీ వదలలేదు.

హబీబ్ వచ్చేసరికి అట్లాగే కూర్చుని ఉంది. తల్లి జులేఖా బీ ఒకవైపు నుంచి అంతా చెప్పింది. హబీబ్ వింటూ శిరీన్‌ను దగ్గరికి పిలిచి చెయ్యి చూపించమన్నాడు. మణికట్టు మీద నాలుగు వేళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి. ఆయన వాటి మీద తన వేళ్ళు ఆనించి చూశాడు, తన లావు వేళ్ళ కంటే అవి ఇంకా లావు. జీవితంలో మొదటిసారి ఆయన నోట సరే అన్న మాట రాలేదు.

"రాజంపేట బస్సు కర్నూల్లో ఎక్కాల్నా, కడపలో మారాల్నా?" అన్నాడు.

మరునాడు జులేఖా బీ మధ్యాహ్నం నమాజుకు చాప పరుచుకుని, నిలబడబోయి, మళ్ళీ కూర్చుంది.

"శిరీనూ, ఇట్ల రా. ఆ వేలు చూపీ."

శిరీన్ ఎడమచెయ్యి చాచింది. జేజి ఆ వంకర గోరును బొటనవేలితో రుద్ది రుద్ది చూసింది, రుద్దితే సరవుతుందేమో అన్నట్టు.

"నమాజు మధ్యలో ఆపి లేయొచ్చు, తెలుసునా నీకు? మనిషికి ఆపదొస్తే ఆపి లేయమనే పెద్దలు చెప్పినారు. ఆ పొద్దు నేను లేస్తాంటి. పిలిస్తే గదా తెలిసేది."

"చప్పుడు చేయొద్దని అమ్మ చెప్పింది గదా జేజీ."

"అది చప్పుడు సంగతి. ఇది చప్పుడు కాదు."

"మళ్ళా ఏంది?"

జులేఖా బీ లేచి చాప మీద నిలబడింది. చేతులు ఎత్తబోతూ, ఎవరి వైపూ చూడకుండా, "రబ్బానీ చిన్నప్పటి నుంచి అంతే. పట్టింది వదలడు" అని, నమాజులోకి పోయింది. వంటింట్లో షాహీనా తాలింపు మాడిపోయేదాకా ఆ మాట గురించే ఆలోచిస్తూ నిలబడింది.

సెలవులు అయ్యేదాకా శిరీన్ గోడౌనుకు పోతూనే ఉంది. రబ్బానీ షాపు జాకెట్లు రావడం మానేశాయి. విశ్వాసమ్మ తన చర్చి ఆడవాళ్ళ జాకెట్లు తెచ్చి ఇచ్చింది, కొలతలు తప్పు చెప్పి రోజూ తిట్టింది. జూన్‌లో హబీబ్, షాహీనా ఇద్దరూ పోయి పిల్లను రాజంపేట దగ్గర దించి వచ్చారు. గేటు దగ్గర శిరీన్ ఏడవలేదు. వంగి నేలను తాకి, కళ్ళకు అద్దుకుని లోపలికి పోయింది.

ఆదివారం పూట మాత్రమే ఫోను ఇస్తారు. "ఎట్లుండావు నాయనా?" అని షాహీనా అడుగుతుంది. "బాగుండానమ్మా" అంటుంది శిరీన్, చిన్న గొంతుతో. వెనక చాలామంది పిల్లల గోల. అది బాగుండి అన్న మాటా, ఎవరిదో నమాజు ముగిసేదాకా కాచుకుని ఉన్న మాటా? ఫోను పెట్టేశాక షాహీనా గ్యాసు చూస్తుంది, గడియ చూస్తుంది, మళ్ళీ ఫోను చూస్తుంది.

అందుకే ఈ కథ చదివినవాళ్ళకు ఒక మాట. మీలో ఎవరైనా రాజంపేట వైపు ఉంటే, ఏదో ఒక ఆదివారం వీలు చూసుకుని ఆ గురుకులం గేటు దాకా పోయి రండి. మగవాళ్ళయితే వద్దు, మీ ఇంట్లో ఆడవాళ్ళను పంపండి. ఐదో తరగతి శిరీన్ అని అడగండి, కోడుమూరు పిల్ల, ఎడమచేతి చూపుడువేలి గోరు వంకర. ఎట్లున్నావని అడిగితే బాగున్నాననే చెబుతుంది. ఆ మాట పట్టుకుని వచ్చేయకండి. మీ అమ్మ అడగమంది, గట్టిగా ఒక్క కేకెయ్ అని చెప్పి, వస్తుందో లేదో ఒకసారి విని రండి.